చొప్ప కొట్టంలోని ఆర్‌ఎక్స్ 100కు ధర కట్టుడు: ప్రాజెక్టు డైరీ

బండి యమహా ఆర్‌ఎక్స్ 100. 1993 అక్టోబర్ రిజిస్ట్రేషన్, ఏపీ 36 నంబరు. పరకాల దగ్గర ఒక ఊళ్లో, యూరియా బస్తాలు, చొప్ప పెట్టుకునే రేకుల కొట్టంలో సెంటర్ స్టాండు మీద ఉన్నది. కొన్న పెద్దాయన ఈ మధ్యనే కాలం చేసిండు, ఇంట్లో పంపకాలు నడుస్తున్నయి. పెద్దకొడుక్కి బండి కావాలె. మిగతావాళ్లు ధర కట్టి వాటా ఇయ్యమంటున్నరు. అందుకే ఈ డైరీలో ఉన్నది బాగుచేసుడు కాదు, ధర తేల్చుడు.

ధర కట్టడానికి మేం పోయేసరికే మూడు ధరలు గాల్లో ఉన్నయి. పాత సామాన్లాయన కిలో లెక్కన 3,500 అన్నడు. ఊళ్లో పిల్లలు ఫోన్లో ప్రకటన చూపెట్టి లక్షన్నర అంటున్నరు. చుట్టం ఒకాయన ఇరవై వేలు దాటదని తేల్చిపారేసిండు. ముగ్గురూ బండిని పైపైన చూసి చెప్పినోళ్లే. ఈ మోడల్ 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది. అయినా పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, చైన్ సెట్టు ఇప్పటికీ వరంగల్, హన్మకొండ స్పేర్ పార్టుల దుకాణాల్లో దొరుకుతయి. దొరకనివి వేరే ఉన్నయి: సక్కగున్న ఆర్సీ, దానితోని కలిసే నంబర్లు, కంపెనీ క్రాంక్‌కేసు (ఇంజన్ కింది భాగపు పెట్టె), అసలు ట్యాంకు, అసలు సైలెన్సర్, మీటరు. ధర వీటి మీద కట్టాలె. చిరిగిన సీటును, గాలి పోయిన టైరును చూసి కాదు.

కడగకముందు

ఉన్నది ఉన్నట్టు ఫొటోలు తీసినం. కడగొద్దు, కిక్కు కొట్టొద్దు, బ్యాటరీ తగిలించొద్దు అని ఇంటోళ్లకు ముందే చెప్పి పెట్టినం. ఏళ్ల తరబడి నిలబడ్డ టూ స్ట్రోక్ ఇంజన్‌లో రింగు పిస్టన్ గాడిలో అతుక్కుని ఉంటది. బలంగా కిక్కు కొడితే అది విరిగి పోర్టు (సిలిండర్ గోడకున్న రంధ్రం) అంచుకు తట్టుకుని బోర్‌ను, అంటే సిలిండర్ లోపలి గోడను, చీరేస్తది. రెండు వేల పని అక్కడికక్కడే పది వేలు అయితది. ఇక మురికి సంగతి: ఎక్కడ ఆయిల్ కారింది, ఎక్కడ నీళ్లు నిలిచినయి అని ఆ మురికే చెప్తది. ప్రెషర్ వాష్ కొట్టిన బండి ఏమీ చెప్పదు.

టైరు పక్కన అచ్చయిన చివరి నాలుగు అంకెలు 2214. అంటే 2014లో 22వ వారం తయారీ. ముందు టైరు 2.50-18, వెనకది 2.75-18, రెండూ అసలు సైజులే. గాడులు బాగానే ఉన్నయి గానీ రబ్బరు పక్కల్లో పగిలింది, కాబట్టి రెండింటికీ లెక్కలో విలువ సున్నా.

యూరియా బస్తాల వైపు ఉన్న ఎడమ పక్క ఎక్కువ పాడైంది. ఎరువు దుమ్ము గాల్లో తేమను గుంజి లోహం మీదనే తడిగా ఉంచుతది. పశువుల కొట్టమైతే మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఇత్తడిని, రాగిని తింటది, కార్బురేటర్ జెట్లు, వైర్ల కొసలు పచ్చగా మారుతయి. ఇక్కడ ముందు మడ్గాడ్ క్రోమ్ ఎడమ దిక్కే పొక్కులు లేచింది, కుడి దిక్కు గుడ్డతో తుడిస్తే మెరిసింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకలు పత్తి, చొప్ప తెచ్చి గూడు పెట్టినయి. హెడ్‌లైట్ వెనక వైర్లు నాలుగైదు చోట్ల కొరికి ఉన్నయి. వైరింగ్ మొత్తం కొత్తది అని రాసుకున్నం. అతుకులేసిన వైరింగ్ మీద ధర కట్టుడు దండుగ.

కాగితాలు

సగం ధర ఇక్కడనే తేలుతది. బండి మోటార్ సైకిల్ కాబట్టి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏండ్లు, ఆ తర్వాత ఐదేండ్లకోసారి రెన్యువల్. పెద్దాయన 2008లో, 2013లో, 2018లో పద్ధతిగా చేయించిండు. బండి నడవకపోయినా ఆర్సీని బతికించుకుంట వచ్చిండు. ఇది ఈ బండికి పెద్ద బలం. గడువు 2023 అక్టోబర్‌లో దాటింది.

2025 ఆగస్టులో కేంద్రం మార్చిన రుసుముల ప్రకారం 20 ఏండ్లు దాటిన మోటార్ సైకిల్ రెన్యువల్ 2,000. ఆలస్యానికి నెలకు 300. 2023 అక్టోబర్ నుంచి 2025 నవంబర్ దాకా 25 నెలలు, అంటే 7,500. రెండూ కలిపి 9,500. గ్రీన్ ట్యాక్స్, పేరు మార్పిడి, థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, కార్డు ఖర్చులకు ఇంకో 4,500 పక్కన పెట్టినం. మొత్తం 14,000. ఇన్సూరెన్సులో బండి విలువ చూసుకుందాం అనుకునేటోళ్లకు ఒక మాట: ఐదేండ్లు దాటిన బండికి ఆ విలువ కంపెనీ, ఓనరు మాట్లాడుకుని రాసుకునేదే. 32 ఏండ్ల బండికి అది కొలబద్ద కాదు.

పేరు మార్పిడి మామూలు అమ్మకం లెక్క 29, 30 ఫారాలతోని కాదు. ఓనరు చనిపోతే వారసులకు ఫారం 31. చనిపోయిన 30 రోజుల్లోపు రవాణా ఆఫీసుకు తెలియజేయాలె, మూడు నెలల్లోపు ఫారం 31 పెట్టాలె. దానికి మరణ ధ్రువపత్రం, మీసేవలో పెట్టుకుంటే తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల అఫిడవిట్లు కావాలె. తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ: నలుగురి సంతకాలూ పడితేనే పని అయితది. ఒక్కరు అలిగినా బండి ధర ఇనుము ధరకు దిగుతది. అందుకే సంతకాలు పెట్టించుడు ఇంజన్ విప్పుడుకన్నా ముందు పెట్టుకున్నం.

పాత బండి అనంగనే వింటేజ్ అంటున్నరు. కేంద్ర నిబంధనల్లో వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏండ్లు దాటాలె. ఈ మోడల్ ఏదీ ఇంకా ఆ గీతకు దగ్గర్లో లేదు. ఆ మాట చెప్పి ధర పెంచే దళారి మాట వినొద్దు.

నంబర్లు

చాసిస్ నంబరు హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద, ఇంజన్ నంబరు క్రాంక్‌కేసు మీద. కిరోసిన్, పాత పళ్ల బ్రష్షు చాలు. వైరు బ్రష్షు, ఎమరీ పేపరు తగిలితే ఇన్‌స్పెక్టర్‌కు అనుమానం వస్తది, గీకిన గుర్తు ఎప్పటికీ పోదు.

మట్టి మెత్తబడినంక టార్చ్ పక్క నుంచి, దాదాపు పడుకోబెట్టినట్టు కొట్టినం. పై నుంచి కొట్టిన వెలుగులో అన్ని నంబర్లూ మంచిగనే కనపడుతయి. ఏటవాలు వెలుగులో అంకెల లోతు, వరుస బయటపడుతయి. ఇక్కడ అంకెలన్నీ ఒకే లోతు, ఒకే గీత మీద ఉన్నయి. చుట్టూ పోత పోసినప్పటి గరుకు అట్లనే ఉన్నది. నంబరు కొట్టిన జాగ మాత్రం అద్దం లెక్క నున్నగా ఉండి ఒక అంకె లోతుగా, ఇంకొకటి పైపైన ఉంటే అది మళ్లీ కొట్టిన నంబరు. అటువంటి బండికి మేం ధర చెప్పం. పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ముద్ర తీసుకుని ఆర్సీతో ఒక్కొక్క అక్షరం పోల్చినం. కలిసింది.

ఈ బండి అసలు ఇంజన్ ఇదేనా అన్న అనుమానం ఇంకోటి. ఆర్‌ఎక్స్ 100ది 50 మి.మీ. బోర్, 50 మి.మీ. స్ట్రోక్, 98 సీసీ, నాలుగు గేర్లు. ఆ తర్వాత వచ్చిన 135ది 58 మి.మీ. బోర్, 132 సీసీ. దాని ఇంజన్ ఎక్కించి నడుపుకునేటోళ్లు వరంగల్‌లో తక్కువేం లేరు. నడపడానికి హాయి, ఆర్సీకి ముప్పు. ఇది అసలుదే.

ఇంజన్: విప్పకుండా ఎంత తెలుస్తదో అంత

ప్లగ్ తీసి రంధ్రంలో 30 మి.లీ. టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) పోసి రాత్రంతా వదిలేసినం. పొద్దున నాలుగో గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకు, వెనక్కు మెల్లగా ఊపితే పిస్టన్ కదిలింది. కిక్కుతో కదిలించొద్దు. కిక్కు గేర్ల మీద పడే బలం చేతికి తెలియదు, చక్రం మీద తెలుస్తది.

తర్వాత సైలెన్సర్ విప్పినం. టూ స్ట్రోక్‌లో ఇదొక వరం: ఎగ్జాస్ట్ పోర్టులో టార్చ్ కొట్టి చక్రం తిప్పుతుంటే పిస్టన్ పక్క, రెండు రింగులు కండ్ల ముందుకొస్తయి. పిస్టన్ మీద నిలువుగా రెండు సన్నటి గీతలు కనపడ్డయి. గోరుకు తగల్లేదు, అంటే పట్టేసిన ఇంజన్ కాదు. వెదురు పుల్లతో రింగులను నొక్కి చూసినం. కింది రింగు లోపలికి పోయి మళ్లీ బయటికొచ్చింది. పై రింగు కదల్లేదు, మసితో గాడిలో గట్టిపడ్డది. ఇక కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) ఎంత చూపిస్తదో గేజి పెట్టకముందే తెలిసిపోయింది. యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి కొలిస్తే 85 పీఎస్ఐ. 110 దాటితే మంచి ఇంజన్, 90 కింద ఉంటే పై పని (బోర్, పిస్టన్ పని) ఖాయం అనేది మా లెక్క.

లీక్ పరీక్ష చాలామంది మెకానిక్‌లు చేయరు. ఏండ్లు నిలబడ్డ టూ స్ట్రోక్‌కు ప్రాణం తీసేది క్రాంక్ సీల్సే, అంటే క్రాంక్ ఇరుసుకు రెండు పక్కలా ఉండే రబ్బరు సీల్సు. కుడి పక్క క్లచ్ వైపు సీలు గట్టిపడితే గేర్ ఆయిల్ లోపలికి గుంజి తెల్ల పొగ కక్కుతది, అది కనీసం కండ్లకు కనపడుతది. ఎడమ పక్క మాగ్నెట్ వైపు సీలు పోతే గాలి గుంజుతది. మిశ్రమం పల్చబడి ఆర్‌పీఎం దానంతటదే పెరుగుతది, బండి బలంగా పోతున్నట్టు అనిపిస్తది, నాలుగు కిలోమీటర్లు పోయినంక పిస్టన్ పట్టేస్తది. కొత్త బోర్, కొత్త పిస్టన్ వేసిన బండి వారంలో మళ్లీ పట్టేసిందంటే మొదట చూడాల్సింది ఇదే.

దీనికి పాత ముల్లు బీపీ మిషను చాలు. ఎగ్జాస్ట్ పోర్టుకు ట్యూబు రబ్బరు ముక్క, దాని మీద ఇనుప పట్టీ పెట్టి నట్లు బిగించినం. కార్బురేటర్ తీసి ఆ మూతికి రబ్బరు బిరడా, దాంట్లో నుంచి బీపీ మిషను గొట్టం. ఆటోలూబ్ (ఇంజన్‌కు టూటీ ఆయిల్ దానంతటదే అందించే పంపు) ఆయిల్ పైపును నొక్కి కట్టాలె, ప్లగ్ బిగించి ఉండాలె. 300 దాకా ఊదితే దాదాపు 5.8 పీఎస్ఐ. అంతకన్నా ఎక్కువ ఊదితే మంచి సీలు కూడా లేచిపోతది. ఆరు నిమిషాల్లో 50కన్నా ఎక్కువ పడకూడదు. ఇక్కడ ఒక్క నిమిషంలోనే ముల్లు సున్నాకు జారింది. మాగ్నెట్ మూత తీసి సబ్బు నీళ్లు పూస్తే సీలు చుట్టూ బుడగలు. సీలు ధర చిన్నదే, కానీ ఎట్లాగూ క్రాంక్ బయటికి తీస్తరు కాబట్టి కనెక్టింగ్ రాడ్, బేరింగుల పని కూడా లెక్కలో వేసినం.

గేర్ ఆయిల్ 650 మి.లీ. పట్టే చోట, విప్పితే దాదాపు 400 మాత్రమే బయటికొచ్చింది. నల్లగా ఉన్నది, పాల రంగు లేదు, అంటే నీళ్లు దిగలేదు. కింద గిన్నెలో అయస్కాంతం తిప్పితే సన్నటి పొడి అంటింది, పలుకులు లేవు. గేర్ల మీద బెంగ లేదు.

హెడ్ విప్పడానికి నలుగురి ఒప్పుకోలు తీసుకున్నం. విప్పని ఇంజన్‌కు కొనేటోడు ఒక ధర చెప్తడు, విప్పిన దానికి ఇంకోటి, అది వాళ్లకు తెలిసుండాలె. పిస్టన్ తల మీద మసి గీకితే 50 అని అచ్చు ఉన్నది. అంటే 0.50 ఓవర్‌సైజు (అసలు కొలతకన్నా అర మి.మీ. పెద్దది), బోర్ 50.50 దగ్గర ఉండాలె. లేత్ షాపులో బోర్ గేజితో కొలిస్తే పైన 50.59, కింద 50.54. పై అంచు కింద రింగు ఆగే చోట గోరుకు చిన్న మెట్టు తగిలింది. 0.75 పిస్టన్‌కు బోర్ కొట్టిస్తే శుభ్రపడుతది, ఆ తర్వాత 1.00 ఒక్కటే మిగులుతది. అసలు సిలిండర్‌కు ఇంకా ఒక జన్మ ఉన్నట్టు. ఇప్పటికే 1.00లో ఉన్న బోర్ అయితే ధరలో కనీసం ఐదు వేలు కోసేటోళ్లం. బజార్లో దొరికే కొత్త సిలిండర్ల పోత అసలు దానికి సాటి రాదు.

ఆటోలూబ్ పంపు ఉన్నది. చాలా బండ్లకు పీకేసి పెట్రోల్‌లోనే ఆయిల్ కలుపుకుంటరు. ఇన్నేళ్ల తర్వాత పైపులో గాలి ఉంటది కాబట్టి మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పంపును నమ్మకుండా లీటరుకు 40 మి.లీ. టూటీ ఆయిల్ ట్యాంకులో కలపాలె అని పెద్దకొడుక్కి రాసిచ్చినం.

రేకు, ఫ్రేము

ఫ్రిజ్ అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి ట్యాంకు మొత్తం తిప్పినం. లప్పం పెట్టిన చోట అది జారుతది. ఎడమ మోకాలి దగ్గర అరచేయంత జాగలో జారింది, పాత సొట్ట. అడుగు అతుకు బొటనవేలితో నొక్కితే గట్టిగనే ఉన్నది. లోపల తుప్పు పొడి ఉంది గానీ రంధ్రాలు లేవు. సైడ్ ప్యానెల్ వెనక కంపెనీ పీకాక్ బ్లూ రంగు అట్లనే ఉన్నది. అమ్మేటోళ్లు అమ్మకముందు రంగు వేయించకూడదు. కొత్త రంగు కింద ఏం దాచిండ్రో అని తెలిసిన గిరాకీ పది వేలు తగ్గించి అడుగుతడు.

సీటు తీసి ఫ్రేము తోక, సెంటర్ స్టాండు అతుకు చూసినం, వెల్డింగ్ మచ్చలు లేవు. ఫోర్కు పైపుల మీద సీలు తిరిగే చోటనే తుప్పు గుంతలు, పైపులు మార్చాలె. సైలెన్సర్ అసలుదే, లోపల మోత తగ్గించే బ్యాఫిల్ గొట్టం కూడా ఉన్నది. మోత కోసం పోరగాళ్లు మొదట పీకేది అదే, కాబట్టి ఉన్నందుకు సంతోషించాలె. మీటరు అసలుది, అద్దం మసకబారింది.

మధ్యలో వచ్చిన బేరం

బండి విప్పుతున్నరని తెలిసి ఒకాయన వచ్చిండు. బండి వంక కూడా చూడలేదు. "అన్నా, బండి మీరే పెట్టుకోండ్రి. బుక్కు ఒక్కటి ఇయ్యిండ్రి, పన్నెండు వేలిస్త" అన్నడు. నంబర్లు కలిసే, రెన్యువల్ చేసుకోగల ఆర్సీ అంటే దొంగ బండికి కొత్త బతుకు. రేపు ఆ బండి ఎక్కడ దొరికినా పోలీసులు వచ్చేది ఆర్సీలో పేరున్న ఇంటికే. ఆర్సీని బండి నుంచి విడదీసి అమ్ముడు ఎన్నడూ కుదరదు. బండిని తుక్కు చేసినా ఆర్సీని ఆఫీసులో సరెండర్ చేసి రద్దు చేయించాలె.

లెక్క

ప్రకటనల్లో కనపడేది అడిగిన ధర, తెగిన ధర కాదు. మేం వరంగల్, కరీంనగర్ దిక్కు తెలిసిన మెకానిక్‌లను "ఈ మధ్య ఎంతకు చేతులు మారింది" అని మాత్రమే అడిగినం. అసలు ఇంజన్, నడిచే ఆర్సీ, రంగు పాతదైనా నడిచే బండికి 80,000 అని పెట్టుకున్నం.

అక్కడి నుంచి వెనక్కి రావాలె. బోర్, పిస్టన్ కిట్ 2,600. సీల్సు, గ్యాస్కెట్లు 1,400. క్రాంక్ పని 4,200. కార్బురేటర్ కిట్, పెట్రోల్ ట్యాపు, ట్యాంకు కడుగుడు 1,800. టైర్లు, ట్యూబులు 3,800. బ్రేక్ షూలు, కేబుళ్లు, బల్బులు 1,900. వైరింగ్, బ్యాటరీ 2,600. చైన్ సెట్టు 1,300. ఫోర్కు పైపులు, సీల్సు 2,200. కూలి 5,000. మొత్తం 26,800. కాగితాలకు 14,000. తీరా విప్పినంక బయటపడే వాటికి 4,000. ఇవి తీస్తే 35,200 మిగిలింది, 35,000 దగ్గర ఖాయం చేసినం.

పూర్తిగా కొత్తదాని లెక్క చేయిస్తే ఎంత అని తమ్ముడు అడిగిండు. రంగు, క్రోమ్, రిమ్ములు, సీటు, దొరకని రబ్బర్లు, స్టిక్కర్లు కలిపి పైన ఇంకో 45,000. అప్పుడు బండి మీద కూర్చున్న మొత్తం (ధర 35,000, పని 26,800, కాగితాలు 14,000, ఈ 45,000; పక్కన పెట్టిన 4,000 కాకుండనే) 1,20,800. అట్లాంటి బండి బేరం లక్షా పది వేల దగ్గర తెగుతది. ఇష్టానికి చేయించుకుంటే ఎవరూ కాదనరు, వాటాల లెక్కలో మాత్రం ఆ ముచ్చట రాకూడదు. నాన్న బండి అన్న మమకారానికి కూడా అంతే. అది కావాలన్నోడి లెక్క, మిగతా ముగ్గురిది కాదు.

రాసుకున్న కాగితం

నాలుగు సమాన వాటాలు, ఒక్కొక్కటి 8,750. బండి తీసుకునే పెద్దకొడుకు తల్లికి, తమ్మునికి, చెల్లెకు కలిపి 26,250 ఇయ్యాలె. కాగితంలో రెండు షరతులు పెట్టించినం. సగం డబ్బు ఇప్పుడు, సగం పేరు మార్పిడి అయినంక. ఏ కారణం చేతనైనా ఆర్సీ రెన్యువల్ కాకపోతే బండి ధర 12,000గా మళ్లీ లెక్క కట్టాలె, అది విడిభాగాల విలువ. ఫారం 31 దాఖలైంది. బండిని ఆఫీసుకు తనిఖీకి తీసుకుపోవాలె కాబట్టి ముందుగా అయ్యేవి క్రాంక్ సీల్సు, బోర్, బ్రేకులు, లైట్లు. ఇంజన్ విప్పి ఉన్నన్ని రోజులు బోర్‌కు టూటీ ఆయిల్ పూసి, గుడ్డ కుక్కి, ప్లాస్టిక్ కవరు కట్టి ఉంచాలె, యూరియా బస్తాలు అవతలి గోడకు జరపాలె.